ప్లగ్గమ్మ ఇంట్లో నిద్రపోని కంప్యూటరు

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, ఇప్పుడు ఆ పేరుతో పిలిచేవాళ్ళెవరూ లేరు. అందరికీ ఆమె ప్లగ్గమ్మ. ఎవరైనా ఫోన్ చేసి, "మా కంప్యూటరు చచ్చిపోయిందండీ, నిన్న సాయంత్రం దాకా బంగారంలా ఉంది, ఇవాళ కొంపలంటుకున్నాయి" అని లబోదిబోమంటే, ఆమె తాపీగా, "ప్లగ్గు పెట్టారా?" అని అడుగుతుంది. అవతలివాళ్ళకు ఒళ్ళు మండుతుంది. "ఆ మాత్రం తెలీదాండీ మాకు?" అంటారు. వంగి బల్లకింద వెతుకుతున్న చప్పుడు. తర్వాత గొంతు దిగుతుంది. "ఆఁ... వచ్చిందండీ. ఊడ్చేటప్పుడు ఎవరో పీకినట్టున్నారు." ఇలా పద్దెనిమిదేళ్ళుగా జరుగుతూ వస్తోంది. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు. ఆమె మాత్రం దాన్ని షాపు బోర్డు మీద కూడా రాయించుకుంది.

ఆమె రెండో ప్రశ్న ఇంకా ముఖ్యమైనది. "ఇది మొదలైన రోజున ఏం మారింది?" దీనికి లోకంలో అందరూ ఒకే జవాబు చెబుతారు. "ఏమీ మారలేదండీ. నేనసలు ముట్టుకోనే లేదు." ఈ మాటను ఆమె ఈ పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారీ నమ్మలేదు, నమ్మనందుకు ఒక్కసారీ నష్టపోలేదు. ఎవరో ఏదో ముట్టుకునే ఉంటారు. అది బయటపడేదాకా ఆమె అడుగుతూనే ఉంటుంది, అవతలివాళ్ళు విసుక్కుంటూనే ఉంటారు.

షాపు బస్టాండు వెనక సందులో ఉంది. సగం షాపు ఆమెది, మిగతా సగం ప్రింటర్లు బాగుచేసే ఇంకు బాబాయిది. ఆయన చేతివేళ్ళు ఏనాడూ నలుపో నీలమో వదిలింది లేదు, టీ గ్లాసు పట్టుకుంటే గ్లాసుకి కూడా ముద్ర పడుతుంది. ఆమె బల్ల మీద ఒక పొడుగాటి రూళ్ళ పుస్తకం ఉంటుంది. ఏ మిషనుకి ఏ రోజు ఏం మార్చిందో అందులో రాస్తుంది. రోజుకి ఒక్క మార్పు, అంతే. రెండు మార్పులు ఒకేసారి చేస్తే దేనివల్ల నయమైందో తెలియదని ఆమె సిద్ధాంతం. అనుమానం వచ్చిన భాగాన్ని తీసి, వేరేది పెట్టి, ఒక రోజు ఆగి చూస్తుంది. జబ్బు పోతే పాత భాగం దొంగ, పోకపోతే అమాయకురాలు.

ఇంత పేరున్న మనిషికి సొంత ఇంట్లో కంప్యూటరు లొంగలేదంటే ఎంత తలవంపులో ఆలోచించండి.

ఇల్లు రెండు గదులు. ముందు గదిలో అత్తగారు, టీవీ, చెప్పుల స్టాండు. వెనక గదిలో మంచం, బీరువా, మంచం కాళ్ళవైపు చివరన ఒక బల్ల, బల్ల మీద పదకొండేళ్ళ కంప్యూటరు. బల్లకి ఒక కాలు పొట్టి. దానికింద అట్టముక్క మడిచి పెట్టి ఉంటుంది. మంచానికీ బల్లకీ మధ్య వేలు పట్టేంత సందు కూడా లేదు. గదిలో ఇంకోచోట బల్ల పట్టదు కాబట్టి ఎవరూ ఆ సంగతి ఆలోచించరు. కంప్యూటరును పూర్తిగా ఆపేస్తే మళ్ళీ లేవడానికి అరగంట బతిమాలించుకుంటుంది. లోపల కరెంటు అందించే డబ్బా ముసలిదైపోయింది, మార్చాలని ప్లగ్గమ్మ మూడేళ్ళుగా అనుకుంటోంది గానీ, ఊళ్ళో మిషన్లన్నీ అయ్యాక కదా సొంత మిషను వంతు. అందుకని ఆపకుండా నిద్రపుచ్చుతుంది. తెర నల్లబడుతుంది, ఫ్యాను ఆగుతుంది, మూల చిన్న దీపం మాత్రం మెల్లగా వెలిగి ఆరుతూ ఉంటుంది. పొద్దున్న నిద్రపుచ్చి షాపుకు వెళ్తే, సాయంత్రం వచ్చి తట్టేదాకా అది పడుకునే ఉండాలి. ఏళ్ళ తరబడి అలాగే పడుకుంది కూడా.

ఆ గదిలో పగలు పడుకునేది ఆ కంప్యూటరు ఒక్కటే కాదు. ఆమె భర్త రాత్రి బస్సు డ్రైవరు. సాయంత్రం ఏడున్నరకు డిపోకి వెళ్ళి, పొద్దున్న ఎనిమిదింటికి ఇంటికొస్తాడు. స్నానం చేసి, నాలుగు ముద్దలు తిని, తొమ్మిదింటికి పరదాలు లాగి పడుకుంటే మళ్ళీ నాలుగింటికి లేవడం. రాత్రి ఆయన వెనక నలభై మంది నిద్రపోతారు. వాళ్ళు అలా నిద్రపోవాలంటే ఆయన పగలు నిద్రపోవాలి. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఈ లెక్క ఎప్పుడూ తప్పలేదు. ఆయన పడుకున్నప్పుడు ఇంట్లో గరిటె కింద పడకూడదు, టీవీలో బొమ్మ తప్ప మాట వినపడకూడదు. అత్తగారు అయితే వచ్చినవాళ్ళను గుమ్మంలోనే వేలు నోటిమీద పెట్టి ఆపేస్తుంది.

అలాంటి ఇంట్లో, అయిదు వారాల కిందట, కంప్యూటరు తనంతట తాను లేవడం మొదలుపెట్టింది.

మొదట్లో ఆమె పెద్దగా పట్టించుకోలేదు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆయన ఎర్రటి కళ్ళతో టీ తాగుతూ కూర్చుని, "నీ కంప్యూటరు ఇవాళ మూడుసార్లు లేచింది" అనేవాడు. ఆయన మాట్లాడేదే తక్కువ. మాట్లాడినా ఫిర్యాదులా ఉండదు, వాతావరణం చెప్పినట్టు ఉంటుంది. "ఉన్నట్టుండి తెర వెలుగుతుంది. ఫ్యాను బుస్సుమంటుంది. ఇంక నిద్రెక్కడిది?"

"చూస్తాలెండి" అనేది ఆమె.

మూడు వారాలు "చూస్తాలెండి" తోనే గడిచాయి. ఈలోపు డిపోలో కొత్త డ్యూటీ చార్టు వేశారు. వచ్చే నెల మొదటి సోమవారం నుంచి ఆయనను కొండదారి బస్సుకు వేశారు. ముప్పై ఆరు మలుపులు, ఒక పక్క రాయి, ఇంకో పక్క ఏమీ లేదు. ఆ చార్టును ఆమె రెండుసార్లు చదివింది. అప్పటికి ఆయన కళ్ళకింద నల్లటి గుంతలు. సోమవారం లోపల ఆ కంప్యూటరు సంగతి తేల్చకపోతే తనది కూడా ఒక పనేనా అనుకుని, షాపు పుస్తకంలో ఒక కొత్త పేజీ తీసి పైన "మా ఇంటిది" అని రాసింది. కింద అలవాటు ప్రకారం రెండో ప్రశ్న రాసుకుంది. "మొదలైన రోజున ఏం మారింది?" కొత్త ప్రోగ్రాం ఏదీ పెట్టలేదు. కొత్త వైరు లేదు. మిషనును ఎవరూ తెరవలేదు. పేజీలో "ఏమీ మారలేదు" అని రాసి గీత గీసింది.

అందరి దగ్గరా నమ్మని మాటను తన దగ్గర మాత్రం నమ్మింది.

మొదటి రోజు కంప్యూటరు దినచర్య తెరిచి చూసింది. అది ఎప్పుడు పడుకుందో, ఎప్పుడు లేచిందో, వీలైతే ఎవరు లేపారో తన కడుపులో తానే రాసుకుంటుంది. పది పన్నెండు, పదకొండు నలభై, ఒంటిగంట అయిదు, రెండున్నర. ఒక వేళాపాళా లేదు. లేపినవారు ఎవరయ్యా అంటే, "తెలియదు" అని ఒకే ఒక్క ముక్క. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నిన్ను నువ్వు లేపుకుని ఎవరు లేపారో తెలీదంటావేంటి?" అని తెర మీద వేలు పెట్టి అడిగింది. కొత్త అప్‌డేట్లు వచ్చాయేమో చూసుకోవడానికి కంప్యూటరు తనకు తాను పెట్టుకునే అలారాలన్నీ పీకేసింది. పుస్తకంలో రాసింది. మర్నాడు అది నాలుగుసార్లు లేచింది.

రెండో మార్పు: ఇంటర్నెట్ వైరు పక్కింటి నుంచి వస్తుంది కాబట్టి, ఆ వైరులోంచి ఎవరు పిలిచినా లేవొద్దని చెప్పింది. మూడుసార్లు లేచింది.

ఆ రోజు దినచర్యలో మాత్రం "తెలియదు" బదులు ఒక ఆచూకీ దొరికింది. కీబోర్డు, మౌసు తగిలించే వైపు నుంచి పిలుపు వచ్చిందట. ఆమెకు ప్రాణం లేచివచ్చింది. కీబోర్డులో ఏదో ఒక మీట కింద దుమ్ముండి, అదే నొక్కుకుంటోందని తేల్చేసి, షాపునుంచి ఇంకో కీబోర్డు తెచ్చి పెట్టింది. లేచింది. మర్నాడు మౌసు మార్చింది. పాతది తీసి, డబ్బాలోంచి అప్పుడే తీసిన కొత్తది పెట్టింది. దర్జాగా నాలుగుసార్లు లేచింది. దాంతో కీబోర్డూ అమాయకురాలే, మౌసూ అమాయకురాలే అని పుస్తకంలో రాసి కింద రెండు గీతలు గీసింది.

ఇంకు బాబాయి ఇదంతా వింటూ ప్రింటరు పళ్ళచక్రం తుడుస్తున్నాడు. "ఎందుకే అమ్మా ఇంత గొడవ? లేపే హక్కు ఆ మౌసుకీ కీబోర్డుకీ తీసేయ్. పవరు మీట నొక్కితేనే లేస్తుంది. అయిదు నిమిషాల పని."

"అది జ్వరానికి బిళ్ళ ఇవ్వడం బాబాయ్. జబ్బేంటో తెలియాలిగా?"

"మనకి జబ్బెందుకు? మీ ఆయనకి నిద్ర కావాలి."

"రేపు ఇదే జబ్బుతో ఎవరో నా దగ్గరకొస్తారు. నా ఇంట్లోనే కనుక్కోలేనిదాన్ని వాళ్ళకేం చెప్పను?"

బాబాయి తల అడ్డంగా ఊపాడు. "నీకు మిషను మీద కోపమొచ్చింది. మిషను మీద కోపమొచ్చిన మెకానిక్కుకి కళ్ళు కనపడవు" అన్నాడు. ఆమె చెవిన వేసుకోలేదు.

ఇంట్లో సలహాలు ఇంకో రకం. అత్తగారికి చెవులు కొంచెం మందం, అభిప్రాయాలు మాత్రం గట్టివి. "దాని మీద దుప్పటి కప్పకూడదుటే అమ్మాయ్? పరదా కదిలినప్పుడల్లా వెలుతురు తగిలి లేస్తోందేమో."

"అది మనిషి కాదు అత్తయ్యా, వెలుతురికి లేవడానికి."

"మరి నిద్రపోయిందంటావుగా రోజూ?"

 ప్లగ్గమ్మ మూతి ముడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. వెనకనుంచి అత్తగారు పక్కింటావిడతో మాట్లాడుతున్న మాటలు వినపడుతూనే ఉన్నాయి. కొడుకు గొప్పతనం చెబుతోంది. అయిదారు వారాల నుంచి అదే కథ. తెల్లవారుజామున రోడ్డు మలుపులో కుక్క అడ్డొస్తే, తన కొడుకు నిండు బస్సును ఎలా నిలబెట్టాడో, పైన పెట్టిన పెట్టెలన్నీ దబదబా కింద పడ్డా కుక్కకు మాత్రం వెంట్రుక కూడా ఎలా ఊడలేదో చెప్పి, "మూగజీవి ఉసురు తగలకుండా చూశాడు నా బిడ్డ" అని ముగిస్తుంది. ఈ కథ ఆ వీధిలో వినని మనిషి లేడు. వింటున్నప్పుడల్లా ఆయన మాత్రం లేచి నీళ్ళు తాగడానికి వెళ్ళిపోతాడు. పొగిడితే సిగ్గు ఆయనకు అని అందరూ అనుకుంటారు.

ఇంకో చిత్రం ఆమెను వేధించింది. రాత్రుళ్ళు ఆ కంప్యూటరు బుద్ధిగా ఉంటుంది. ఆయన బస్సు మీద ఉంటాడు, ఆమె అదే మంచం మీద పడుకుంటుంది, కంప్యూటరు తెల్లారేదాకా ఒక్కసారి కూడా కన్ను తెరవదు. పగలు, ఆమె షాపుకు వెళ్ళాకే దాని వేషాలన్నీ. దీన్నిబట్టి ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. ఇంటికి ఎదురుగా ఇనుప తలుపులు చేసే షాపుంది. వాళ్ళు పగలు గ్రైండరు పెట్టినప్పుడల్లా కరెంటు ఎగుడుదిగుడవుతోంది. ఒకరోజు పొద్దున్నే పుస్తకం చంకన పెట్టుకుని వెళ్ళి, ఆ షాపు మేస్త్రీని నిలదీసింది.

"నిన్న పదకొండు నలభైకి మీరు గ్రైండరు వేశారా లేదా?"

మేస్త్రీ నోరు వెళ్ళబెట్టాడు. "నిన్న షాపే తీయలేదమ్మా. మా బావమరిది పెళ్ళి."

మొహం చెల్లక ఇంటికొచ్చి, అయినా పట్టు విడవక, షాపునుంచి కరెంటును సరిచేసే డబ్బా ఒకటి మోసుకొచ్చి పెట్టింది. అది కుయ్‌మంటూ ఒక మూల కూర్చుంది. కంప్యూటరు అయిదుసార్లు లేచింది, అదివరకెన్నడూ లేనన్నిసార్లు. ఆ రాత్రి ఆమెకు ఏడుపొచ్చింది. పద్దెనిమిదేళ్ళ పనితనం, ఇంత పొడుగు పుస్తకం, వీధివీధికీ పేరు, ఇవన్నీ పెట్టుకుని సొంత మొగుణ్ణి ఏడుగంటలు పడుకోబెట్టలేకపోతోంది. కొండదారి ఇంక నాలుగు రోజుల్లో ఉంది.

శుక్రవారం పొద్దున్న ఓటమి ఒప్పుకుంది. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు కంప్యూటరును పూర్తిగా ఆపేసి, ప్లగ్గు పీకి, వైరు చుట్టి బల్లమీద పెట్టింది. ప్లగ్గమ్మ చేతులతో ప్లగ్గు పీకడమంటే మాటలు కాదు. పుస్తకంలో ఆ సంగతి రాయడానికి కూడా చెయ్యి రాలేదు. "ఇవాళ హాయిగా పడుకోండి, అది లేచే మాటే లేదు" అని చెప్పి షాపుకు వెళ్ళింది.

సాయంత్రం వచ్చేసరికి ఆయన అవే ఎర్రటి కళ్ళతో టీ తాగుతున్నాడు.

"పడుకున్నారా?"

"ఆఁ... పడుకున్నా." నీళ్ళు నమిలాడు. "మధ్యలో మెలకువొచ్చింది."

"ఎందుకొచ్చింది? ప్లగ్గే లేదుగా!"

"ఏమో. అది ఎప్పుడు లేస్తుందో అని చూస్తూ పడుకున్నట్టున్నా."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. లేస్తే గొడవ, లేవకపోతే లేవలేదని గొడవ! "మీకూ దానికీ కలిపి ఒక దండం" అని చేతులెత్తి నిజంగానే దండం పెట్టింది. కానీ వంటింట్లో గిన్నెలు తోముతుంటే ఆ మాట బుర్రలో తిరగడం మొదలుపెట్టింది. ప్లగ్గు లేని కంప్యూటరు ఎవరినీ లేపలేదు. మరి ఎవరు లేపారు? అప్పుడు తట్టింది, ఇన్నాళ్ళూ తాను చూసినవన్నీ సాయంత్రం మిగిలిన ఆనవాళ్ళే. దొంగతనం జరిగేటప్పుడు ఒక్కసారి కూడా తాను అక్కడ లేదు. వేరేవాళ్ళ ఇంట్లో అయితే రెండోరోజే కుర్చీ వేసుకుని కూర్చునేది.

శనివారం షాపుకు వెళ్ళలేదు. ప్లగ్గు పెట్టి, అరగంట బతిమాలి కంప్యూటరును లేపి, మళ్ళీ పడుకోబెట్టింది. పరదాలు లాగింది. బీరువా పక్కన స్టూలు వేసుకుని, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని కూర్చుంది.

"నువ్వలా కూర్చుంటే నాకెలా నిద్రొస్తుంది?" అన్నాడాయన.

"మిమ్మల్ని కాదు, దాన్ని కాపలా కాస్తున్నా. మీరు పడుకోండి."

ఆయన పడుకున్నాడు. ఆమె కళ్ళార్పకుండా ఆ మూల దీపాన్నే చూస్తూ కూర్చుంది. గంట గడిచింది. ముందు గదిలో మాటల్లేని టీవీ వెలుగు తలుపు సందులోంచి కదులుతోంది. ఉన్నట్టుండి టప్పుమని ఏదో చిన్న చప్పుడు, వెంటనే తెర భగ్గున వెలిగింది, ఫ్యాను బుస్సుమంది. ఆయన దిగ్గున లేచి కూర్చుని, "చూశావా? చూశావా?" అన్నాడు. ఆ గొంతులో కొంచెం గెలుపు కూడా ఉంది.

ఆమె చూసింది గానీ ఏమీ చూడలేదు. దీపాన్ని చూస్తూ కూర్చుంటే దీపం వెలగడమే కనపడింది. మరి ఆ చప్పుడు? పది నిమిషాల తర్వాత కంప్యూటరు మళ్ళీ పడుకుంది, ఆయనా పడుకున్నాడు. ఆమె చప్పుడు కాకుండా స్టూలు ఇవతలికి జరుపుకుని, ఈసారి బల్లా మంచమూ రెండూ కనపడేలా కూర్చుంది.

పదకొండు దాటాక ఆయన ఊపిరి బరువెక్కింది. మొహం తేరుకుంది. ఇంతలో కుడికాలు కదిలింది. మడమ పైకి లాక్కుంది. ఒక క్షణం ఆగింది. తర్వాత పాదం తిన్నగా ముందుకు వెళ్ళి బల్లకాలును తాకి, టప్పుమని నొక్కింది. నొక్కి వదల్లేదు. ఇంకా నొక్కుతోంది. మోకాలు బిగిసింది, తొడ వణికింది, పళ్ళు కొరుకుతున్న చప్పుడు వినపడింది. పొట్టికాలి కింద అట్టముక్క మీద బల్ల ఒరిగింది. మౌసు గోరంత జరిగింది. తెర వెలిగింది.

ఆ పాదాన్ని ఆమె ఎరుగును. పెళ్ళైన కొత్తలో ఆయన బస్సులో ఇంజను పక్క సీట్లో కూర్చుని ఎన్ని ఊళ్ళు తిరిగిందో. నిద్రలో కాళ్ళాడించే మనిషి తన్ను కాదది. ఆయన బ్రేకు వేస్తున్నాడు.

ఆయన ఉలిక్కిపడి లేచి, తెరవైపు చెయ్యి చూపించబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. ఆమె స్టూలు మీంచి లేచి వచ్చి మంచం అంచున కూర్చుంది. కంప్యూటరు వాళ్ళిద్దరి మొహాల మీదా నీలంగా వెలుగుతోంది. ఆమె పుస్తకం తెరిచి, పైన రాసుకున్న ప్రశ్నను వేలితో చూపించింది.

"అయిదు వారాల కింద ఏం మారిందండీ?"

"ఏం మారుతుంది? ఏమీ లేదు."

"నా దగ్గరకొచ్చే వాళ్ళందరూ అదే చెప్తారు. నేనసలు ముట్టుకోలేదండీ అంటారు."  కోపమంతా ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు. "మిమ్మల్ని అది లేపడం లేదు. మీరు దాన్ని లేపుతున్నారు. మీరు నిద్రలో బ్రేకు తొక్కుతున్నారు."

ఆయన తన కుడిపాదం వైపు, అదేదో పరాయి మనిషిది అయినట్టు చూశాడు.  బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"అక్కడ కుక్క లేదు."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో పుస్తకం మూసేసింది.

"నాలుగింటికి. మలుపు దగ్గర. కళ్ళు మూశానని కూడా తెలీదు. తెరిచేసరికి ఎడమ చక్రం తారు దిగిపోయి కంకర మీదుంది. తొక్కాను. పెట్టెలన్నీ పడ్డాయి. అందరూ లేచారు. ముందు సీట్లో ఒక ముసలావిడ, కుక్క అడ్డొచ్చిందా నాయనా అంది. అవునమ్మా, కుక్క అన్నాను." ఆయన అరచేతులతో మొహం రుద్దుకున్నాడు. "అందరూ మంచివాడివి అన్నారు. అమ్మ వీధంతా చెప్పింది. ఇంకెలా చెప్పను?"

"నాకు చెప్పొచ్చుగా."

"చెప్పాలనే అనుకున్నా. కంప్యూటరు లేపుతోందంటే నువ్వు నమ్మావు. నేనూ సగం నమ్మాను. మిగతా సగం తెలుసు."

ఆమెకు ఆయన్ని కొట్టాలనిపించింది, పట్టుకోవాలనిపించింది, తన పుస్తకాన్ని చించి పారేయాలనిపించింది. రెండు వారాలు వైర్లను అడిగింది, దుమ్మును అడిగింది, ఎదురింటి మేస్త్రీని అడిగింది. ఇంట్లో పడుకున్న మనిషిని ఒక్కమాట అడగలేదు. ఆయన కళ్ళకింది గుంతలను రోజూ చూస్తూ, అవి తన మిషను తవ్విన గుంతలనే అనుకుంది. అంత సిగ్గు ఆమెకు పని నేర్చుకునే రోజుల్లో కూడా కలగలేదు.

"సోమవారం మీరు కొండ ఎక్కరు" అంది.

"డ్రైవరు నిద్రపోయాడని చెప్పమంటావా? ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది. ఒక్క గీత పడలేదు బండికి."

"అందుకే చెప్పండి. గీత పడకముందే చెప్పండి."

"స్టీరింగు మళ్ళీ ఇవ్వకపోతే?"

"ఇవ్వకపోతే ఇవ్వరు. మీరు ఇంటికొస్తారు."

 కంప్యూటరు తనంతట తాను మళ్ళీ పడుకుంది, గది చీకటైంది. ఆ చీకట్లో ఆయన తలగడ కింద తడిమి ఫోను తీశాడు. డిపోలో డ్యూటీలు వేసే గుమాస్తా ఎత్తాడు. ఆయన ఉపోద్ఘాతం లేకుండా చెప్పాడు. "నేనండీ. పోయిన నెల మలుపు దగ్గర బస్సు ఆపింది కుక్క కోసం కాదు. కునుకు పట్టింది. సోమవారం కొండకి ఇంకెవరినైనా వేయండి. నేను డాక్టరు దగ్గరకెళ్ళాలి." అవతల గుమాస్తా ఏదో గట్టిగా అరిచాడు, తర్వాత ఏదో మెల్లగా అన్నాడు. ఆయన "సరేనండీ, సాయంత్రం వచ్చి రాసిస్తాను" అని ఫోను పెట్టేశాడు. 

"ఏమన్నారు?"

"ముందు తిట్టాడు. తర్వాత ముందే చెప్పాల్సింది కదన్నా అన్నాడు."

"ఇవాళ రాత్రి?"

"వేరేవాణ్ణి వేస్తాడట. పడుకోమన్నాడు."

ఆమె లేచి బల్లను రెండు చేతులతో పట్టుకుని, బీరువా తలుపు ఇంక తెరుచుకోదన్న సంగతి కూడా చూడకుండా, మూరెడు దూరం జరిపింది. పదకొండేళ్ళలో ఆ బల్ల కదలడం అదే మొదటిసారి. ఆ సందులో స్టూలు వేసుకుని, మంచం చివరన, ఆయన పాదాల దగ్గర కూర్చుంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. పావుగంటలో ఊపిరి బరువెక్కింది.

ఒంటిగంట దాటాక కుడికాలు కదిలింది. మడమ పైకి లాక్కుంది. ఆమె ఆ పాదానికి ఎదురుగా రెండు అరచేతులూ పెట్టింది. పాదం వచ్చి నొక్కింది. ఆమె అనుకున్నదానికంటే చాలా బలంగా నొక్కింది, ఆమె మోచేతులు బిగబట్టి ఆపింది.

"ఆగింది" అంది మెల్లగా. "బండి ఆగింది."

ఆయన కళ్ళు తెరవలేదు. పెదాలు మాత్రం కదిలాయి.

"అందరూ ఉన్నారా?"

"ఉన్నారు. అందరూ ఉన్నారు, పడుకోండి."

పాదం కాసేపు అలాగే నొక్కి, తర్వాత కొద్దికొద్దిగా వదులైంది. ముందు గదిలోంచి అత్తగారు తలుపు తోసి, వేలు నోటి మీద పెట్టుకుని, తను కూడా లేపనన్నట్టు తొంగిచూసి వెళ్ళిపోయింది. బల్లమీద కంప్యూటరు పడుకునే ఉంది. ప్లగ్గమ్మ అరచేతులు తీయకుండా నాలుగింటి దాకా అక్కడే కూర్చుంది.